మా ఇంట్లో కుట్టుమిషను

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాలుగు రోజుల కిందట ఫోను చేసి, "ఈసారి డి.ఎ. బకాయిల మీద మాట్లాడేవాళ్లు ఆరుగురున్నారు, మీరు ఇంకేదైనా మాట్లాడండి" అన్నారు. "నాకు వచ్చినవి రెండే పనులండీ. ఒకటి ట్రెజరీలో బిల్లులు పాసు చేయడం, రెండోది కుట్టుమిషను తొక్కడం" అన్నాను. ఆయన నవ్వి, "అయితే రెండోదే చెప్పండి" అన్నారు. నవ్వులాటకన్నారో నిజానికే అన్నారో గానీ నేను మాత్రం తయారై వచ్చాను. సంచిలో నమూనాలు కూడా తెచ్చాను. ఆ సంచి కూడా నేను కుట్టిందే.

నాకిప్పుడు డెబ్బయి అయిదేళ్లు. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సూపరింటెండెంటుగా దిగిపోయాను. ఈ ముప్పై అయిదేళ్లలో ఊడిన గుండీ ఒక్కటి కూడా నా చేత్తో కుట్టుకున్న పాపాన పోలేదు. మిషను నేర్చుకున్నది అరవై ఎనిమిదో ఏట. ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1976లో మా పెళ్లయింది. 1981 సంక్రాంతికి పండుగ అడ్వాన్సు తీసుకుని, దానికి కొంత చేబదులు కలిపి ఉషా కాలి మిషను కొన్నాం. కొనిపించింది మా ఆవిడే. పిల్లలకు ఏడాదికి ఎన్ని గౌన్లు, ఎన్ని లాగులు కావాలి, ఒక్కోదానికి దర్జీకి మజూరీ ఎంత, ఎన్నేళ్లలో మిషను ఖరీదు తిరిగి వస్తుంది అని ఒక కాగితం మీద వేసి చూపించింది. ట్రెజరీ గుమాస్తాకు కూడికలు సరిపోయిన కాగితం చూపిస్తే కాదనలేడు. పాసు చేశాను.

ఆ రోజు నుంచి మా ఇంటిల్లిపాది బట్టలూ ఆ మిషను మీదవే. అమ్మాయి గౌన్లు, అబ్బాయిల చొక్కాలు, మా అమ్మ జాకెట్లు, నా పైజామాలు, దిండు గలీబులు, పుస్తకాల సంచులు, నా క్యారియరు సంచి, ఆఖరికి రేడియోకు తొడుగు. ఒకే తాను గుడ్డలో ముగ్గురు పిల్లలకూ కుట్టేది. పెళ్లిళ్లకు వెళితే మా వాళ్లను చూసి బ్యాండు మేళం వచ్చిందనేవారు. బడి లాగులకు అంచు లోపలికి నాలుగు వేళ్ల మడత పెట్టేది. ప్రతి జూన్‌లో ఒక వేలు మడత విప్పేది. విప్పిన చోట గుడ్డ వెలవకుండా ఉంటుంది కదా, మా పెద్దవాడి లాగు మీద చారలు లెక్కపెడితే వాడు ఏ క్లాసో చెప్పేయవచ్చు. మిగిలిన పీలికలన్నీ బొంతలోకి వెళ్లేవి. పారేసిన ముక్క నాకు గుర్తు లేదు.

1986 నాటి మన ఎన్జీవోల సమ్మె ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. యాభై రోజులు దాటింది. జీతాల్లేవు. పొద్దున్నే నేను శిబిరానికి వెళ్లి నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకుని వచ్చేవాణ్ణి. ఇంటికొస్తే అన్నం ఉండేది. అది ఎక్కడినుంచి వచ్చిందని అడగడానికి భయపడేవాణ్ణి. పక్క వీధి ఆడవాళ్ల జాకెట్లు, లంగాలు కుట్టి ఆవిడ బియ్యం తెచ్చేది. రాత్రి పదకొండు దాకా మిషను చప్పుడు వినిపించేది. సమ్మె ముగిసిన రోజున మాకు దండలు వేశారు. నేను ఆ దండ తెచ్చి ఆ మిషను మీదే పెట్టాను. గౌరవంతో కాదు, ఇంట్లో పెట్టడానికి వేరే బల్ల లేక.

తరవాత పిల్లలు పెద్దవాళ్లయ్యారు. రెడీమేడు కావాలన్నారు. మిషను మీద దుప్పటి కప్పి దానిమీద టీవీ పెట్టుకున్నాం.

2018లో మా ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడింది. దేవుడి దయవల్ల మాట మిగిలింది, కాలు కొంత కూడదీసుకుంది, చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవదు. అప్పుడు తెలిసింది, మన బట్టలన్నీ రెండు చేతులూ పైకెత్తగలిగేవాళ్ల కోసం కుట్టినవని. నైటీ తల మీదుగా తొడగాలంటే ఆ చెయ్యి ఎత్తాలి. ఎత్తితే ప్రాణం పోయినట్టు అరిచేది. ఒకరోజు మా కోడలు చూడలేక, కత్తెర తీసుకుని నైటీ ముందువైపు పైనుంచి కిందదాకా కోసేసి, పిన్నీసులు పెట్టింది. ఆ అమ్మాయి మంచికే చేసింది. మా ఆవిడ మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చింది. నొప్పికేమో అనుకున్నాను. "అంచు మడవకుండా కోసిన గుడ్డ ఒంటిమీద వేసుకుని కూర్చున్నానండీ" అంది.

బజారుకు వెళ్లి ఇద్దరు దర్జీలను అడిగాను. ఒకరు ఇలాంటి చిల్లర పని చెయ్యమన్నారు, ఇంకొకరు పండుగ వెళ్లాక రమ్మన్నారు. ఇంటికొచ్చి టీవీ దింపి, దుప్పటి తీశాను. "ఏం చేస్తారు?" అంది. "నువ్వు చెప్పు, నేను తొక్కుతాను" అన్నాను.

బాబిను కోసం మిషను సొరుగు లాగితే పాత గుండీలు, సుద్దముక్క, వాటి కింద మడతపెట్టిన కాగితం కనిపించాయి. విప్పి చూస్తే ట్రెజరీ చలానా. 1984 నాటిది. టైలరింగు లోయరు గ్రేడు పరీక్ష ఫీజుకు తన చేతిరాతతో నింపింది.

మిత్రులారా, ఈ మాట నలుగురిలో చెప్పాలా వద్దా అని రాత్రి చాలాసేపు ఆలోచించాను. చెబుతున్నాను. ఆ పరీక్ష పాసై, ఆ పైన టి.టి.సి. చేస్తే క్రాఫ్టు టీచరు ఉద్యోగానికి అర్హత వస్తుందని అప్పట్లో ఎవరో టీచరమ్మ ఆవిడకు చెప్పింది. చలానా నింపి నా చేతికిచ్చి, "మీ ఆఫీసులోనే కదా, కట్టేసి రండి" అంది. రోజూ నా బల్ల మీదుగా ఎన్నో చలానాలు వెళ్లేవి. అది మాత్రం నా చొక్కా జేబులోనే ఉండిపోయింది. చంటిపిల్లాడున్నాడు, పరీక్షకు జిల్లా కేంద్రానికి పోవాలి, ఇల్లు ఎవరు చూస్తారు అనుకున్నాను. గడువు దాటాక "మరచిపోయాను" అన్నాను. మరచిపోలేదు. చొక్కా ఉతకబోతూ జేబులోంచి తీసి ఆవిడే దాచి ఉంటుంది. ముప్పై నాలుగేళ్లలో ఆ ప్రసక్తే ఎత్తలేదు.

ఆ కాగితం పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాను. చూసింది. "దాన్ని అక్కడే పెట్టండి. బాబిను కేసు ఎడమవైపు అరలో ఉంటుంది" అంది. అంతే.

ఇక చదువు మొదలైంది. నేను బిల్లులకు ఎన్ని అభ్యంతరాలు రాశానో అన్నీ నాకు తిరిగి వచ్చాయి. మొదటి రోజు చక్రం వెనక్కి తిప్పి దారం తెంపాను. ఇంటి మిషను చక్రం పైభాగం మనవైపు తిరగాలి. రెండో రోజు సూది దగ్గర పాదాన్ని కిందికి దించకుండా తొక్కితే గుడ్డ అడుగున దారం పిచ్చుకగూడు కట్టింది. వారం రోజులు దారం ఎక్కించకుండా గీతల కాగితం మీద కుట్టించింది, గీత మీదే సూది పడాలని. తరవాత నా పాత లుంగీ మీద. నాలుగో వారానికి దిండు గలీబు పెట్టింది.

గలీబు చాలా తేలిక, మీరూ రాసుకోండి. పదిహేడు ఇరవై ఏడంగుళాల దిండుకు పద్దెనిమిది అంగుళాల వెడల్పు, అరవై రెండంగుళాల పొడవు ముక్క ఒక్కటి చాలు. రెండు చివర్లూ సన్నగా మడిచి కుట్టి, మంచి వైపు లోపలికి వచ్చేలా మడతవేసి, మిగిలిన ఆరేడు అంగుళాలు లోపలికి మూతలాగా పెట్టి, రెండు పక్కలూ కుట్టి తిరగెయ్యడమే. గుండీ అక్కర్లేదు, బొందు అక్కర్లేదు. కత్తిరించే ముందు గుడ్డను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. నూలు గుడ్డ ముడుచుకుంటుంది. నేనది వినకుండా కుట్టిన మొదటి గలీబు ఉతికాక దిండుకు ఎక్కలేదు. దాన్ని ఇప్పుడు చెప్పుల సంచిగా వాడుతున్నాం.

నైటీకి మూడు నెలలు పట్టింది. మూడు మీటర్ల మెత్తటి నూలు గుడ్డ. ముందువైపు మెడ నుంచి పాదాల దాకా పూర్తిగా తెరుచుకోవాలి. ఒక అంచు రెండో అంచు మీదికి రెండంగుళాలు రావాలి. కుడి చంక, కుడి చెయ్యి మామూలుకన్నా రెండంగుళాలు వదులుగా ఉండాలి. గుండీల బదులు అయిదు చోట్ల వెల్క్రో ముక్కలు. అందులో గరుకు ముక్క కింది అంచు మీద బయటికి చూస్తూ ఉండాలి, మెత్తని ముక్క పై అంచు లోపల ఉండాలి. అప్పుడు గరుకు ఒంటికి తగలదు. నేను మొదటిసారి రెండువైపులా గరుకు ముక్కలే కుట్టి, ఎందుకు అంటుకోవడం లేదా అని అరగంట చూశాను. "ఆడిట్ అయిందా?" అంది. పడిపోయాక ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు.

ఇంకొక మాట. చెయ్యి పడిపోయినవాళ్లకు బట్ట తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి దూర్చాలి. విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి తియ్యాలి. ఫిజియోథెరపీ ఆయన చెప్పాడు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఆవిడకు కొన్ని నెలల నొప్పి తప్పేది. ఉతికే ముందు వెల్క్రో మూసి పెట్టాలి, లేకపోతే పీచు పట్టి పని చెయ్యదు.

నైటీ పూర్తయ్యాక తొడిగాం. పిన్నీసు లేకుండా, అరుపు లేకుండా రెండు నిమిషాల్లో అయిపోయింది. అటూ ఇటూ తడిమి చూసుకుని, "ఎడమవైపు జేబు పెట్టకూడదూ?" అంది. నాకు గొంతు పట్టేసింది. అన్నేళ్లు మా అందరికీ జేబులు కుట్టిన మనిషి. తన బట్టల్లో ఎన్నడూ ఒక్క జేబు లేదు. డబ్బులు కొంగున ముడివేసుకునేది. ఆ పూటే పెట్టాను. చేతిరుమాలు, మందులు, చిన్న ఫోను పట్టేంత జేబు. కొంచెం వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ కుడతానంటే వద్దంది.

అప్పటినుంచి పదిహేను నైటీలు, బొందు బదులు ఎలాస్టిక్ వేసిన లంగాలు, వణికే వేళ్లతో గుండీలు పెట్టుకోలేని మిత్రులకు చొక్కాలు కుట్టాను. చొక్కాకు పైన గుండీలు అలాగే ఉంటాయి, కాజాలు మూసేసి వాటి కింద వెల్క్రో. చూసేవాళ్లకు తెలియదు. తెచ్చాను, చూడండి. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం వచ్చింది కదా, పాత టెరికాటన్ ప్యాంట్లతో సంచులు కుట్టి మన సభ్యులకు కొన్ని ఇచ్చాను. పెన్షను కాగితాలు పెట్టుకోవడానికి ప్యాంటు కాలు ఎంత అనువైనదో ఎవరికీ తెలియదు.

ఇవాళ మనం ఈ దినోత్సవం ఎందుకు జరుపుకుంటున్నాం? 1982 డిసెంబరు 17న సుప్రీం కోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను అంటే యజమాని దయతో పడేసేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని. ప్రతి ఏడూ ఈ వేదిక మీద ఆ మాట మనం చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం. మంచిదే. నేనూ కొట్టాను.

మా ఇరుగుపొరుగు నన్ను చూసి, "భార్యకు ఎంత సేవ చేస్తున్నారండీ" అంటారు. మొదట్లో ఆ మాట తియ్యగానే ఉండేది. ఇప్పుడు వినలేకపోతున్నాను. ముప్పై అయిదేళ్ల నా సర్వీసు రిజిస్టరులో ప్రతి ఇంక్రిమెంటూ, ప్రతి సెలవూ రాసి ఉన్నాయి. ఆవిడ సర్వీసు ఎక్కడా రాసి లేదు. రాసుకోగలిగిన ఒక్క అవకాశమూ నా జేబులో ఆగిపోయింది. ఆ చలానా కట్టి ఉంటే ఇవాళ ఆవిడ ఈ ముందు వరసలో పెన్షనరుగా కూర్చునేదేమో. ఉద్యోగం వచ్చేదో రాదో నేను చెప్పలేను. కానీ అడ్డుపడింది మాత్రం నేనే. కాబట్టి నేను కుడుతున్నది సేవ కాదు, బకాయి. అది కూడా అసలు కాదు, వడ్డీలో కొంత.

మీ ఇళ్లలో చాలా చోట్ల దుప్పటి కప్పిన మిషను ఉండి ఉంటుంది. దుప్పటి తీసి రెండు చుక్కల నూనె వెయ్యండి. మీ ఇంటావిడ పక్కన కూర్చుని నేర్చుకోండి, ఆవిడ చెయ్యి బాగుండగానే. అభ్యంతరాలు వస్తాయి, సర్దుకోండి. గలీబు కొలతలు కావలసినవాళ్లు సభ అయ్యాక నా దగ్గరికి రండి, కాగితం మీద వేసిస్తాను.

బయలుదేరేటప్పుడు మా ఆవిడ రెండు మాటలు చెప్పింది. ఒకటి, ఎక్కువసేపు మాట్లాడవద్దని. రెండు, చలానా సంగతి చెప్పవద్దని. రెండూ తప్పాను. ఇంటికి వెళ్లాక సంజాయిషీ ఇచ్చుకోవాలి. సంక్రాంతికి కుడుతున్న నైటీకి కుడి చెయ్యి ఇంకా ఎక్కించలేదు, అది చూపించి తప్పించుకుంటాను.