రంగస్థలంపై జంతు పాత్రలు

ఔత్సాహిక నాటక సమాజాలలో పాత్రలు పంచుకొనే వేళ ఒక చిక్కు తప్పదు. రాజు పాత్రకు నలుగురు ముందుకు వస్తారు. ఎలుగుబంటి పాత్ర అనగానే నలుగురూ వెనుకకు తగ్గుతారు. జంతువు వేషం పిల్లల వినోదానికే గాని నటుని ప్రతిభకు గీటురాయి కాదన్న భావం మనలో పాతుకొని ఉన్నది. ఇది ఎంతవరకు సమంజసమో విచారింతము.

నాట్యశాస్త్రం ఆహార్యాభినయాన్ని పుస్తము, అలంకారము, అంగరచన, సంజీవము అని నాలుగు విధాలుగా విభజించినది. సంజీవమనగా రంగంపై ప్రాణుల ప్రవేశము. నాలుగు కాళ్లవి, రెండు కాళ్లవి, కాళ్లు లేనివి అని వాటిలో మూడు తెగలు. పశువుకు, పక్షికి, పాముకు మన శాస్త్రం ఏనాడో రంగస్థలంపై చోటిచ్చినదన్న మాట.

ఇక గ్రీసు దేశం సంగతి. క్రీ.పూ. 414లో ఏథెన్సు నగరంలో అరిస్టోఫనీసు రచించిన ‘పక్షులు’ అనే ప్రహసనం రెండవ బహుమతి పొందినది. అందులో పక్షుల బృందంగా ఆడి పాడినవారు ఇరువదినలుగురు. వారు నటనను జీవనోపాధిగా గైకొన్నవారు కారు, సామాన్య పౌరులు. నేటి మాటలో చెప్పవలెనన్న ఔత్సాహికులే. అంతకు ఎనిమిదేండ్లు ముందు అదే కవి న్యాయస్థానపు తీర్పరులను కందిరీగలుగా చిత్రించినాడు. ఏటేటా ఆరువేలమంది పౌరులు తీర్పరులయ్యే నగరమది! మనిషిని మనిషిగా చూపి నిందించిన కోపం వచ్చును; కందిరీగగా చూపిన నవ్వు వచ్చును, ఆ నవ్వు వెంట ఆలోచనయు వచ్చును. జంతు పాత్రల ప్రయోజనమిదే.

అయితే ఈ పాత్రను పోషించుట ఎట్లు? చాలమంది కాగితపు గుజ్జుతో పెద్ద తలకాయ చేయించి, దానిని తగిలించుకొన్నచో పని ముగిసినదనుకొందురు. అందువలన నటునికి చూపు మూయును, మాట మ్రింగుడుపడును. ముక్కు వరకే ముసుగుంచి నోటిని విడిచిపెట్టుట మేలు. మన వీధులలో దసరాకు, పీర్ల పండుగకు ఆడే పులివేషం చూడండి. ఒంటిమీద ఉన్నవి రంగుచారలే. పులి ఉన్నది అడుగులో, డప్పు దెబ్బకు తిరిగే నడుములో. ఆవు పాత్ర ధరించేవాడు అద్దం ముందు కన్న కొట్టం ముందు ఒక గంట కూర్చుండుట లాభకరము. అలికిడికి మొదట చెవి తిరుగును, తల తరువాత తిరుగును. ఆ ఒక్క క్రమాన్ని పట్టుకొన్న నటునికి కొమ్ములతో అవసరం లేదు.

హనుమంతుని వేషానికి సిగ్గుపడే నటుడు మనలో లేడు. అది కోతి రూపమని ఎవరును వెనుదీయరు. పాత్ర గొప్పదని మురిసిపోవుదురు. మరి ఎలుగుబంటి చేసిన అపరాధమేమి? తన ముఖం బంధుమిత్రులకు కనిపించవలెనన్న కోరికే ఔత్సాహికుని రంగస్థలానికి రప్పించును. సమాజాలలో కలతలకు కారణమగునదియు తరచుగా ఆ కోరికే. రెండు గంటలు ముఖం దాచుకొని పాత్రను మాత్రమే చూపగలవాడు ఆ కోరికను జయించినవాడు. అట్టివారు ముగ్గురు నలుగురున్న సమాజానికి ఏ నాటకమైనను కష్టం కాదు.