హెలికాప్టర్ లేదు, కుక్కల్లేవు: టెక్సాస్ అడవిలో కాలినడకన పందివేట

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, హెలికాప్టర్లో తిరుగుతూ అడవి పందుల్ని కాల్చే వీడియోలు చూశాం, నువ్వు అలా వెళ్లవా?" అని. వెళ్లను. మొదటి కారణం డబ్బు. రెండోది, నా లెక్కలో అది వేట కాదు. టెక్సాస్‌లో 2011లో దానికి చట్టం చేశారు, అదంతా ప్రైవేట్ రాంచుల మీద జరిగే వ్యవహారం. ఇక్కడ భూమిలో దాదాపు 95 శాతం ప్రైవేటే. రాంచ్ ఓనర్ ఎవరూ తెలియని మనలాంటి అపార్ట్‌మెంట్ బ్యాచ్‌కి మిగిలేది పబ్లిక్ ల్యాండ్. అక్కడ నడవాల్సిందే. ఇవాళ ఆ నడక గురించి.

ముందు కాగితాలు. బోర్ కొట్టినా స్కిప్ చేయకండి. ఇందులో తప్పు చేస్తే పోయేది పంది కాదు, వీసా. హెచ్‌వన్‌బీ, ఎఫ్‌వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ ఉండటం. అంటే లైసెన్స్ ముందు, తుపాకీ తర్వాత. ఇంకో చిక్కు ఉంది. టెక్సాస్ లైసెన్స్ ఏడాది ఆగస్టు 31తో అయిపోతుంది. మీరు రెన్యూ చేయడం మర్చిపోయి, తుపాకీ మాత్రం ఇంట్లో బీరువాలో ఉందనుకోండి... అర్థమైంది కదా. నేను లాయర్‌ని కాదు. మీ స్టేటస్ చెప్పి ఒక లాయర్‌ని అడిగాకే ముందుకెళ్లండి.

"పందికి లైసెన్సే అక్కర్లేదట కదా" అని నాకు ఆఫీసులో ఒకాయన గట్టిగా చెప్పాడు. సగమే నిజం. 2019 నుంచి ఓనర్ పర్మిషన్‌తో ప్రైవేట్ భూమిలో అయితే అక్కర్లేదు. పబ్లిక్ ల్యాండ్‌లో కావాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాలి. నేను వెళ్లే శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్‌కి వీటితో పాటు 48 డాలర్ల యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్ కూడా. ఏ యూనిట్‌లో ఏ తేదీల్లో, ఏ ఆయుధంతో అనేది పర్మిట్‌తో వచ్చే మ్యాప్ బుక్‌లెట్‌లో చూసుకోవాలి. తల మీద, ఛాతీ మీద, వీపు మీద మెరిసే ఆరెంజ్ వేసుకోవాలి. పంది భయపడుతుందేమో అనుకోకండి, దాని చూపు అంతంతమాత్రమే.

ముక్కు మాత్రం మామూలుది కాదు. ఇక్కడే అసలు వేట ఉంది. నా జేబులో ఎప్పుడూ చిన్న టాల్కం పౌడర్ డబ్బా ఉంటుంది. కొంచెం నొక్కితే పొడి ఎటు పోతే గాలి అటు. గాలి నా మొహానికి తగులుతుంటే నడుస్తా. వీపుకి తగిలితే ఆగిపోయి చుట్టు తిరిగి వెళ్తా, అదనంగా మైలు నడవాల్సి వచ్చినా సరే. మొదటి మూడు ట్రిప్పుల్లో నాకు ఈ తెలివి లేదు. పందులు కనపడలేదని తిట్టుకున్నా. నేను రావడం వాటికి ముందే తెలిసిపోయిందని తర్వాత అర్థమైంది.

జాడలు వెతకడం కష్టం కాదు. ముట్టెతో తవ్విన నేల ట్రాక్టర్ దున్నినట్టుంటుంది. మట్టి ఇంకా తడిగా, నల్లగా ఉంటే నిన్న రాత్రిదో ఇవాళ పొద్దునదో. పందికి మనలాగా చెమట పట్టదు, అందుకే ఒళ్లు చల్లబరుచుకోవడానికి బురద గుంటలో దొర్లుతుంది. తర్వాత చెట్టుకి రుద్దుకుంటుంది. పైన్ చెట్టు మొదట్లో మోకాలి ఎత్తున బురద అంటుకుని ఉందంటే దగ్గరలో వాగు ఉందన్నమాట. నవంబర్‌లో ఓక్ కాయలు రాలే చోట తప్పకుండా చూడండి.

నవంబర్‌లోనే ఒక సాయంత్రం. వాగు పక్కన నక్కి నక్కి నడుస్తుంటే ముందు చప్పుడు వినిపించింది. ఎండుటాకుల్లో గరగర, మధ్యమధ్యలో పిల్లల కీచులాట. ఆడపందులు, పిల్లలు కలిసి గుంపుగా తిరుగుతాయి, పెద్ద మగపంది ఎక్కువగా ఒంటరిగా ఉంటుంది. నలభై గజాల్లో ఏడో ఎనిమిదో ఉన్నాయి. గుండె ఎంత కొట్టుకుందంటే తుపాకీ గొట్టం ఊగుతోంది. ఒకటి అడ్డంగా నిలబడింది, కరెక్ట్ యాంగిల్. వేలు ట్రిగ్గర్ దగ్గరకి పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం మ్యాప్‌లో చూశా, లోన్ స్టార్ హైకింగ్ ట్రైల్ సరిగ్గా ఆ పందుల వెనకాల నుంచి పోతోంది. మధ్యలో గట్టు లేదు, అంతా చదును. ఆ టైంలో ట్రైల్ మీద ఎవరైనా ఉన్నారా? తెలీదు. చెట్లలో ఏం కనపడుతుంది? తూటా గట్టు మీదికి పోయేలా పక్కకి జరుగుదామని రెండడుగులు వేశా. మెడ వెనక చల్లగా గాలి తగిలింది. ఒక ఆడపంది "హుఫ్" అంది. అంతే, రెండు సెకన్లలో అడవి ఖాళీ. హెడ్‌ల్యాంప్ పెట్టుకుని రెండు మైళ్లు ఉత్త చేతులతో కారు దగ్గరకి నడిచా. ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు? కానీ ఆ షాట్ కొట్టి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఇంకోటి కూడా నిజం చెప్తా. "మేం రైతులకి సాయం చేస్తున్నాం" అని వేటగాళ్లు అంటుంటారు, నేనూ అన్నా. టెక్సాస్‌లో 26 లక్షల అడవి పందులున్నాయని అంచనా. సంఖ్య పెరగకుండా ఆపాలంటేనే ఏటా 70 శాతం దాకా తగ్గించాలంటారు. నేను సీజన్‌కి ఒకటో రెండో. పైగా గుంపులో ఒకదాన్ని కాలిస్తే మిగతావి చెదిరిపోయి కొత్త చోటికి పోతాయి, మొత్తం గుంపుని ఒకేసారి బోనులో పట్టేవాళ్ల పని చెడుతుంది. ఈ కారణంతోనే మిజోరీ రాష్ట్రం 2016లో తన కన్జర్వేషన్ ఏరియాల్లో పందివేట మీద నిషేధం పెట్టింది. మన ఊళ్లలో మక్కకి, వేరుశనగకి పందుల బెడద చూసినవాణ్ణి, కరెంటు తీగలు పెడితే మనుషులు, గొడ్లు పోవడం విన్నవాణ్ణి. కాబట్టి సమస్య చిన్నదని అనను. నా వేట దానికి మందు అని మాత్రం ఇక చెప్పుకోను. నేను వెళ్లేది మాంసం కోసం, అడవి కోసం. అన్నట్టు, ఇండియాలో ఉన్నవాళ్లు ఈ వీడియో చూసి బయలుదేరకండి. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పర్మిషన్ లేకుండా చంపితే కేసే.

ఆ సీజన్ చివర్లో ఒకటి దొరికింది, తొంభై పౌండ్ల ఆడది. కారుకి మైలున్నర దూరం. ముక్కలు చేసి రెండు ట్రిప్పుల్లో మోశా. కాల్చకముందే "ఇక్కణ్ణుంచి మోయగలనా, ఈ ఎండకి మాంసం పాడవదా" అని లెక్క వేసుకోండి. ఐస్ బాక్స్ కార్లో రెడీగా ఉండాలి. కోసేటప్పుడు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు రక్తం ద్వారా, చేతి మీద చిన్న గాయం ఉన్నా చాలు, మనకి వస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టినా ఆ బాక్టీరియా చావదు. లోపల 160 ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్ వచ్చేదాకా ఉడకాలి.

మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "దాన్ని నా గిన్నెల్లో వండకు" అంది. గిన్నెలు హ్యూస్టన్‌లో ఉన్నాయి, అమ్మ ఖమ్మంలో ఉంది. అయినా కొత్త కుక్కర్ కొన్నా. కూర ఎలా చేశానో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటా మరి, బై.