"మా అమ్మ చనిపోయినందుకు సంతోషం" అని రాసిన అమ్మాయి | జెనెట్ మెక్‌కర్డీ కథ



ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక నిజం చెప్పేస్తా. ఈరోజు మాట్లాడుకోబోయే పుస్తకం నేను చదవలేదు, విన్నాను. ఆడియోబుక్. ఊరెళ్తూ బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. పక్క సీట్లో మా అమ్మ. ఫోన్ స్క్రీన్ కనపడకుండా ఒళ్లో బోర్లా పెట్టుకున్నా. ఎందుకంటే ఆ పుస్తకం పేరు "ఐయామ్ గ్లాడ్ మై మామ్ డైడ్". మా అమ్మ చనిపోయినందుకు నాకు సంతోషంగా ఉంది అని!

"ఏం వింటున్నావ్?" అంది అమ్మ. "ఏదో ఇంగ్లీష్ కథలే అమ్మా" అని తప్పించుకున్నా.

నిజం చెప్పాలంటే, ఆ పేరు చూడగానే నాకు కోపం వచ్చింది. అమ్మ గురించి ఎవరైనా అలా రాస్తారా? పేరు కోసం, డబ్బు కోసం రాసి ఉంటుందిలే అనుకున్నా. పుస్తకం అయిపోయేసరికి ఆ మాట అనుకున్నందుకు సిగ్గేసింది. ఎందుకో చెప్తా, వినండి.

రాసినావిడ పేరు జెనెట్ మెక్‌కర్డీ. 1992లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో పుట్టింది. నలుగురు పిల్లల్లో చిన్నది, ముగ్గురు అన్నలు. తనకి రెండేళ్లప్పుడు వాళ్లమ్మకి బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చింది. తగ్గింది కానీ, ఆ భయం ఆ ఇంట్లోంచి ఎప్పుడూ పోలేదు. ఇల్లంతా సామాన్లే. ఆవిడ ఏదీ పారేయనిచ్చేది కాదు. బెడ్‌రూముల్లో అడుగు పెట్టే చోటు లేక పిల్లలు హాల్లో చాపల మీద పడుకునేవాళ్లు.

వాళ్లమ్మకి చిన్నప్పుడు యాక్టర్ అవ్వాలని కోరిక. ఇంట్లో వాళ్లు ఒప్పుకోలేదు. ఆ కోరిక కూతురి మీదకి వచ్చింది. ఆరేళ్ల పిల్లని ఆడిషన్లకి తిప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్లకి ఇష్టమా అంటే, కాదు. పదిమందిలో నటించాలంటే భయం. కానీ ఛాన్స్ వచ్చిన రోజు అమ్మ మొహంలో వెలుగు చూసేది. ఆ వెలుగు కోసం ఏదైనా చేస్తుంది కదా పిల్ల!

ఇక్కడొక విషయం గుర్తుపెట్టుకోండి. చిన్నతనంలోనే జెనెట్ కూర్చుని ఒక స్క్రీన్‌ప్లే రాసింది. అమ్మకి చూపిస్తే సంతోషించలేదు. రచయితలు బట్టలు సరిగ్గా వేసుకోరు, లావైపోతారు, నీకెందుకు అంది. అంతే, ఆ కాగితాలు పక్కకి పోయాయి.

తర్వాత 11 ఏళ్ల వయసు. ఒంట్లో మార్పులు వస్తున్నాయి. పెద్దదాన్ని అయిపోతే అమ్మకి నచ్చనేమో, చిన్నపిల్ల వేషాలు రావేమో అని భయం. పెరగకుండా ఉండాలంటే ఏం చేయాలి అని అమ్మనే అడిగింది. ఆ తల్లి తిండి తగ్గించడం నేర్పింది. కేలరీలు లెక్కపెట్టడం, బరువు చూడటం, టేపుతో తొడలు కొలవడం... తల్లీకూతుళ్లు కలిసి చేసిన పని ఇది. అనొరెక్సియా అనే జబ్బు అలా మొదలైంది.

2007లో "ఐకార్లీ" వచ్చింది. సామ్ పకెట్ పాత్ర. మీలో కొంతమంది చూసే ఉంటారు. సామ్ అంటేనే తిండిపోతు. ఎప్పుడు చూసినా చేతిలో చికెనో, ఇంకేదో నమిలేస్తూ ఉంటుంది. ప్రపంచమంతా ఆ తిండి జోకులకి నవ్వింది. ఆ పాత్ర వేసిన అమ్మాయి మాత్రం ఇంట్లో ప్రతి ముద్దా లెక్కపెట్టుకుని బతుకుతోంది! ఇది విన్నాక ఆ సీన్లు మళ్లీ చూడబుద్ధి కాలేదు నాకు.

పుస్తకం మొదలయ్యేది హాస్పిటల్‌లో. అమ్మకి క్యాన్సర్ తిరగబెట్టింది, కోమాలో ఉంది. ఒక మంచి కబురు చెప్తే లేస్తుందేమో అని పిల్లలు ఒక్కొక్కరే చెవిలో చెప్తున్నారు. జెనెట్ చెప్పిన మంచి కబురు ఏంటో తెలుసా? నా బరువు 89 పౌండ్లకి వచ్చేసింది అని. అంటే సుమారు 40 కిలోలు. అమ్మ పెట్టిన టార్గెట్ అది. అమ్మ లేవలేదు. 2013 సెప్టెంబర్‌లో పోయింది. అప్పటికి జెనెట్‌కి 21 ఏళ్లు.

అమ్మ పోయాక అంతా బాగైపోయిందా? లేదు, ఇంకా దిగజారింది. తినడం, కక్కుకోవడం. బులీమియా. ఒక థెరపిస్ట్ "మీ అమ్మ చేసింది హింస" అనే అర్థం వచ్చేలా మాట్లాడితే, ఆ థెరపీనే మానేసింది. అమ్మని ఒక్క మాట అననివ్వలేదు. మనమైనా అంతే కదా! కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. ఈలోపు "సామ్ అండ్ క్యాట్" ముగిశాక ఒక ఆఫర్ వచ్చిందని పుస్తకంలో రాసింది. అక్కడ జరిగినవి బయట మాట్లాడకుండా ఉంటే 3 లక్షల డాలర్లు. వద్దంది.

నటన వదిలేసింది. 2021లో "ఐకార్లీ" మళ్లీ తీస్తే అందులోనూ చేయలేదు. అప్పుడేం చేసిందంటే, చిన్నప్పుడు పక్కన పెట్టేసిన పని. రాసింది. ముందు అదే పేరుతో స్టేజ్ షో, తర్వాత 2022 ఆగస్టులో పుస్తకం. మొదటి వారంలోనే 2 లక్షలకి పైగా కాపీలు పోయాయి. ఇప్పుడు 2026లో "హాఫ్ హిజ్ ఏజ్" అని నవల కూడా తెచ్చింది. అన్నాళ్లూ ఎవరో రాసిన డైలాగులు చెప్పిన మనిషి, ఇప్పుడు తన మాట తను రాసుకుంటోంది.

మరి ఆ పేరు? మొత్తం విన్నాక నాకర్థమైంది ఇదీ. ఆమెకి అమ్మంటే ప్రేమ లేక కాదు. అమ్మ బతికి ఉంటే తను తిండి తినగలిగేది కాదు, నిజం రాయగలిగేది కాదు. ప్రేమించిన మనిషే గాయం చేయొచ్చు. రెండూ నిజమే. ఒకటి చెప్తే రెండోది అబద్ధం అయిపోదు.

మన దగ్గర కూడా టీవీ షోల్లో, రీల్స్‌లో పిల్లలు ఎంత బాగా చేస్తున్నారో చూస్తున్నాం. మన దేశంలో 2017 నుంచి రూల్స్ ఉన్నాయి. 14 ఏళ్లలోపు పిల్లలతో షూటింగ్‌లో రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. కానీ "నీకిది ఇష్టమేనా నాన్నా?" అని అడగడం ఏ రూల్‌లో ఉంటుంది చెప్పండి? అది మనమే అడగాలి.

మీలో ఎవరికైనా తిండంటే భయంగా ఉంటే, తిన్నాక తప్పు చేసినట్టు అనిపిస్తుంటే, దయచేసి దాచుకోకండి. 14416 టెలీ మానస్. ప్రభుత్వ నంబర్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చివరగా, బస్సు దిగాక అమ్మకి నిజం చెప్పేశా. పుస్తకం పేరు, దాని అర్థం, ఆ అమ్మాయి కథ, అన్నీ. తిడుతుందనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది.

"ఆ పిల్ల ఇప్పుడు కడుపునిండా తింటోందా?"

"తింటోంది అమ్మా, బానే ఉంది" అన్నా.

"పోన్లే" అంది.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.