చేపల వేటకు ఏ పడవ?

అమెరికాలో సరదాగా చేపలు పట్టేవారు పడవ కొనేముందు, తాము వెళ్లే నీళ్లు ఎలాంటివో చూసుకోవాలి. టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్‌నే తీసుకోండి. 1992లో 8 కిలోలు దాటిన బాస్ చేప గాలానికి చిక్కింది అక్కడే. నీట మునిగిన చెట్ల మోడుల మధ్య నిలబడి గాలం విసరాలంటే, అంచులు తక్కువగా, పైభాగం చదునుగా ఉండే బాస్ బోట్ హాయి.

మరి ఈరీ సరస్సులో వాల్‌ఐ చేపల కోసం వెళితే? గ్రేట్ లేక్స్‌లో లోతు తక్కువైనది అదే. గాలి లేచిందంటే అలలు ఇట్టే ఎగసిపడతాయి. అక్కడ ఎత్తైన అంచులు, అలను చీల్చే వి ఆకారపు అడుగు ఉన్న మల్టీ స్పీసీస్ బోటే క్షేమం. పిల్లాపాపలతో వెళ్లేవారికీ అదే మేలు. ఏ పడవైనా సరే, లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఒడ్డు వదలకండి.