తీర్పు వచ్చింది, పైసలు రాలేదు



కోర్టులో కేసు గెలిస్తే పైసలు చేతికి వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. "ఇంత ఇవ్వాలి" అని కోర్టు రాస్తుంది. అవతలి మనిషి ఇవ్వకపోతే కోర్టు తనంతట తాను వచ్చి వసూలు చేయదు. మళ్లీ దరఖాస్తు పెట్టాలి.

జైపూర్‌లో ఒకామె ఉన్నది అనుకుందాం. భర్త శ్రీరాంపూర్ దిక్కు బాయిలో పనిచేస్తాడు. ఆమెను, పిల్లను వదిలేశాడు. ఆమె మనోవర్తి కేసు వేసింది. నెలకు 3,000 రూపాయలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆమె సంబురపడ్డది. ఆ కాయితాన్ని మడిచి, పెట్టెలో చీరెల కింద దాచింది. భర్త ఒక్క రూపాయి పంపలేదు. "ఇయ్యాల కాకపోతే రేపు పంపుతడు, కోర్టు చెప్పింది గదా" అని ఎదురుచూసింది. అట్ల 14 నెలలు గడిచినయి.

లెక్క చూద్దాం. 14 నెలలకు 42,000 రూపాయలు బాకీ. కానీ చట్టంలో ఒక గడువు ఉంది. ఏ నెల పైసలైనా బాకీ పడ్డ రోజు నుండి ఏడాది లోపల అడగాలి. అప్పుడే మెజిస్ట్రేటు వసూలు వారంటు ఇస్తారు. ఆమె ఈరోజు పోతే 12 నెలల పైసలకు, అంటే 36,000కు వారంటు వస్తుంది. మొదటి రెండు నెలల 6,000 ఆ దారిలో రావు. ఎదురుచూసినందుకు అంత నష్టం!

ఈ మనోవర్తి చట్టాన్ని పాత మనుషులు 125 సెక్షన్ అంటారు. 2024 జులై 1 నుండి అది కొత్త చట్టంలో 144 సెక్షన్ అయింది. నంబరు మారింది. ఏడాది గడువు మాత్రం మారలేదు.

వారంటు వస్తే ఏమవుతుంది? మొదట భర్త సామాను, ఆస్తి జప్తు చేస్తారు. అప్పటికీ కట్టకపోతే, బాకీ ఉన్న ఒక్కో నెలకు ఒక నెల దాకా జైలు వేయవచ్చు. "జైలుకు పోయొచ్చిన, ఇగ బాకీ లేదు" అని కొందరు మగవాళ్లు దబాయిస్తారు. బాకీ అట్లనే ఉంటుంది. ఈ మాట సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అయితే ఒకటి ఆలోచించాలి. జైల్లో ఉన్నన్ని రోజులు అతనికి మస్టర్లు పడవు. మస్టర్లు లేకపోతే జీతం లేదు. ఆమెకు ఇచ్చేది ఎక్కడిది? అందుకని జైలు మాట ఆఖరున అడగడమే మేలు.

జీతం చేసే మనిషి దగ్గర జీతంలో నుండి పట్టుకోవడమే మంచి దారి. 2005లో గృహహింస చట్టం వచ్చింది. ఆ చట్టం కింద భరణం ఉత్తర్వు ఉండి, భర్త ఇవ్వకపోతే, మెజిస్ట్రేటు కంపెనీకే రాయవచ్చు. జీతంలో కొంత కోసి భార్యకే ఇవ్వాలని, లేదా కోర్టులో కట్టాలని చెప్పవచ్చు. అందుకోసం భర్త పనిచేసే బాయి పేరు, ఎంప్లాయి నంబరు తెలుసుకోవాలి. పాత పే స్లిప్పు ఒకటి దొరికినా చాలు. థర్మల్‌లో కాంట్రాక్టు కింద పనిచేస్తే ఆ కాంట్రాక్టరు పేరు కావాలి.

ఇది భర్త పనిలో ఉండగానే చేయాలి. అతను దిగిపోయినాక వచ్చే గ్రాట్యుటీని, పీఎఫ్‌ను జప్తు చేయకుండా చట్టం అడ్డం పెట్టింది. "దిగిపోయినప్పుడు లక్షలొస్తయి, అప్పుడు చూద్దాం" అనుకుంటే మోసపోతారు.

మనోవర్తి ఉత్తర్వును సివిల్ కోర్టు డిక్రీ లెక్కనే అమలు చేయవచ్చని 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ 6,000 సంగతి కూడా వకీలును ఈ దారిలో అడగాలి.

మరి చేబదులు ఇచ్చి, నోటు మీద కేసు గెలిచినవాళ్ల సంగతి? వాళ్లకు గడువు పెద్దది, 12 ఏండ్లు. వాళ్లు పెట్టే దరఖాస్తును వకీళ్లు ఇ.పి. అంటారు. బాకీదారు భూమి, బండి, బ్యాంకు ఖాతా ఎక్కడున్నయో వాళ్లే కోర్టుకు చూపించాలి. కానీ వంట గిన్నెలు, కట్టుబట్టలు, పడక, పనిముట్లు జప్తు చేయరు. కూలోళ్ల కూలి పైసలను కూడా ముట్టరు. ఈ బాకీలకు ఆడవాళ్లను అరెస్టు చేయరాదు. ఎవరన్నా అట్ల బెదిరిస్తే భయపడొద్దు.

వకీలుకు పైసలు ఏడనుంచి తేవాలె అంటారా? ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఆదాయం ఎంతని చూడరు. 1987 నాటి న్యాయ సేవల చట్టంలో ఆ మాట ఉంది. మంచిర్యాల జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు.

పోయేటప్పుడు తీర్పు నకలు తీసుకుపోవాలి. దానితో పాటు ఒక చిన్న నోటుబుక్కు. అందులో మూడు గీతల మధ్య నెల పేరు, రావాల్సిన పైసలు, వచ్చిన పైసలు రాసి ఉండాలి. వచ్చింది ఏమీ లేకపోతే సున్నా రాయాలి. మొదటి బాకీ నెల ఏదో ఆ బుక్కులోనే కనబడుతుంది. ఏడాది అక్కడి నుండే లెక్కపెట్టాలి.