ధ్రువపత్రం చేతికొచ్చాక
(దమ్మపేటలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా గడిపినవారము. సదరం ధ్రువపత్రాలు, వికలాంగ పింఛన్ల దరఖాస్తులు ఎన్నో మా చేతుల మీదుగా వెళ్లాయి. ఒకసారి మేధో వైకల్యమున్న కొడుకును వెంటబెట్టుకొని ఒక తల్లి వచ్చింది. పింఛను మంజూరైందని చెప్పాము. "పైసలొస్తయ్ సాబ్, నా తర్వాత వీనికెవరు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మా దరఖాస్తులో గడి లేదు. వేలిముద్ర వేయించుకొని పంపివేశాము.

ఇటువంటి తల్లులతో కూర్చుని దారి వెదకడమే వృత్తిగా గలవారున్నారని పదవీ విరమణ తరువాత గాని మాకు తెలియలేదు. వారిని పునరావాస కౌన్సెలర్లంటారు. బిడ్డకు ఏది చేతనవునో కనిపెట్టడం, తన పనులు తాను చేసుకొనేలా నేర్పించడం, తగిన పనిలో కుదర్చడం, ఇంటివారి దిగులు వినడం వారి పని. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఈ రంగంలో శిక్షణనిస్తున్నది. భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరు లేనివారు ఈ వృత్తి చేస్తే 1992 నాటి చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా నేటికి ఒక లెక్కలోది కాదు. అయినా కౌన్సెలరు వద్దకు పోయినపుడు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడకండి.

ఈ చదువులో మాకు నచ్చినది పర్యవేక్షణ. విద్యార్థి తాను ఏమడిగాడో, ఏ మాట తొందరపడి అన్నాడో రాసుకొని గురువు ముందు పెట్టాలి. మా నోటును సూపరింటెండెంటుగారు ఎర్ర సిరాతో దిద్దిన రోజులు గుర్తుకొస్తాయి. మా తప్పుకు కాగితం తిరిగొచ్చేది. కౌన్సెలరు తప్పుకు ఆ తల్లి మళ్లీ గడప తొక్కదు. అందుచేత ఏళ్ల తరబడి కుటుంబాలతో పనిచేసి, ఆపైన అధ్యాపకులై కొత్తవారిని దిద్దేవారు ఈ రంగానికి ఆయువుపట్టు.

మన ఇళ్లలో తాయెత్తు కట్టించి, దర్గాలు తిప్పి, చివరకు బిడ్డను లోపలి గదిలో ఉంచేస్తున్నాము. దువా మానమని మేము అనము. నలభై శాతం, అంతకు మించి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కని 2016 చట్టం చెబుతున్నది, దానినీ వాడుకుందాము.

తల్లి తన గోడు ఉర్దూలో చెప్పుకుంటే ఉర్దూలోనే, కోయ గూడెంలో కోయ మాటలోనే వినగలిగిన కౌన్సెలరు ఈ అడవి అంచుకు కావాలి. సైకాలజీ చదువుతున్న అమ్మాయి మీ ఇంట ఉంటే సభ ముగిశాక మాకు పేరు రాయించండి. దరఖాస్తులు నింపడం ఇప్పటికీ మాకు చేతనైన పనే.