ముందు చక్రం పట్టేస్తే

మోటార్ సైకిల్ ముందు చక్రం తేలిగ్గా తిరగడం లేదంటే ముఖ్యంగా చూడాల్సినవి మూడు: బ్రేకు, బేరింగులు, యాక్సిల్ బిగింపు. బండికి సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం నేలకు తగలకుండా లేపి, చేత్తో తిప్పి చూడాలి. డిస్క్ బ్రేకు బండిలో ప్యాడ్లు కాస్త రాసుకుంటున్న చప్పుడు మామూలే. తిప్పిన వెంటనే చక్రం ఆగిపోతే మాత్రం లోపం ఉన్నట్టే.

అప్పుడు ప్యాడ్లుండే కాలిపర్ బోల్టులు విప్పి, దాన్ని డిస్క్ మీంచి పక్కకు తీయాలి. అది బయట ఉన్నంతసేపూ బ్రేక్ లివర్ నొక్కకూడదు. నొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. ఇప్పుడు చక్రం హాయిగా తిరిగితే తప్పు బ్రేకుదే. మట్టి, తుప్పు పట్టి పిస్టన్ వెనక్కి రాకపోవచ్చు. కాలిపర్ జరిగే పిన్నుల్లో గ్రీజు ఎండిపోవచ్చు. మాస్టర్ సిలిండర్‌లోని సన్న రంధ్రం పూడిపోయి బ్రేక్ ఆయిల్ ఒత్తిడి దిగకపోవచ్చు. డ్రమ్ బ్రేకయితే మొదట కేబుల్ బిగింపు చూడాలి.

కాలిపర్ తీసినా చక్రం గరగరమంటూ బరువుగా తిరిగితే బేరింగులను అనుమానించాలి. యాక్సిల్ నట్టు వదులు చేయగానే తేలిగ్గా తిరిగితే స్పేసర్ అమరికలో తేడా ఉండవచ్చు.

పట్టేసిన బ్రేకుతో నడిపితే డిస్క్ కాగి, ఆయిల్ మరిగి, అవసరానికి బ్రేకే పడకపోవచ్చు. అందుకే లోపం సరిచేశాకే బండి రోడ్డెక్కాలి.